హంతకుడి విడుదలపై మేము అభ్యంతరం చెప్పవచ్చా?

మాది కనిగిరి దగ్గర పల్లె. కంది చేను గట్టు తగాదాలో మా అన్నను గొడ్డలితో నరికి చంపారు. నేరం రుజువై అతనికి యావజ్జీవం పడింది. మొన్న సంక్రాంతికి పెరోల్ మీద వచ్చి మా వీధి మలుపులో నిలబడి టీ తాగుతుంటే, కుళాయి దగ్గరికి వెళ్లిన అమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది. అతను వస్తున్నాడని మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ముందస్తు విడుదలకు దరఖాస్తు పెట్టుకున్నాడట. ఇలాంటి కేసుల్లో కనీసం 14 ఏళ్లు జైల్లో ఉండాలని నేర విచారణ చట్టం సీఆర్పీసీలోని 433ఎ సెక్షన్ చెప్పేదని, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 475 కూడా అదే చెబుతుందని, ఆ తర్వాత నిర్ణయం ప్రభుత్వానిదని వకీలు అన్నారు. 2024 జనవరిలో బిల్కిస్ బానో కేసులో (2002 గుజరాత్ అల్లర్లప్పటి సామూహిక అత్యాచారం, హత్యల కేసు) 11 మంది దోషుల ముందస్తు విడుదలను సుప్రీంకోర్టు రద్దు చేసిందని చదివి కాస్త ధైర్యం వచ్చింది.

అతన్ని ఉరి తీయాలని మేము ఏనాడూ అడగలేదు. అతనికీ పిల్లలున్నారు. కానీ అతని ప్రవర్తన బాగుందో లేదో చూసేవారు మా అమ్మను కూడా ఒక మాట అడగాలి కదా?

అభ్యంతరం ఎవరికి రాయాలి? కలెక్టరుకా, ఎస్పీకా, జైలు అధికారులకా? పెరోల్ ఇచ్చే ముందు మాకు తెలియజేయమని కోరవచ్చా? ఇలా అర్జీ పెట్టినవారు ఉంటే దయచేసి చెప్పండి.