1968 అంబాసిడర్: ఆగిపోయిన ఇంజన్ ఏదో తేల్చి, హెడ్ ఊడదీయకుండా కదపడం ఎలా?

పాతబండి68:
మార్క్ 2 అంబాసిడర్, 2003 నుంచి షెడ్డులోనే ఉంది. ఆర్సీలో పెట్రోల్, 1489 సీసీ అని ఉంది. ఇంజన్ నంబరు ప్లేటు ఊడిపోయింది, రివెట్ల బొక్కలే మిగిలాయి. మధ్యలో ఇంజన్ మార్చారేమోనని అనుమానం. న్యూట్రల్లో పెట్టి, ఇంజన్ చేత్తో తిప్పే హ్యాండిల్ వేస్తే వెంట్రుకవాసి కదల్లేదు. ప్లగ్గులు తీసి చూస్తే 1, 2, 4 నల్లగా పొడిగా ఉన్నాయి, మూడోది ఎర్రగా తుప్పు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉంది, తెల్లటి మీగడ లేదు, అంటే నీళ్లు కలిసినట్టు లేదు. ముందు ఇంజన్ ఏదో తేలాలి. ఆ తర్వాత, హెడ్ (సిలిండర్ల పై మూత) దించకుండా కదిపే దారుందా?

పదిహేను_థౌ:
ప్లేటు లేకపోయినా ఇంజన్ పోలిక దాగదండి. టాపెట్ కవరు (వాల్వుల మీది మూత) హెడ్ పైన ఉండి, రెండు నట్లతో బిగించి ఉందా? డ్రైవరు సీట్లోంచి చూస్తే ప్లగ్గులు, డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) కుడివైపు, కార్బొరేటర్, సైలెన్సర్ మానిఫోల్డు రెండూ ఎడమవైపు ఉన్నాయా? అయితే అది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఓహెచ్‌వీ, అంటే వాల్వులు హెడ్‌లో ఉండే ఇంజన్: బోర్ 73.025 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ., 1489 సీసీ. హెడ్ చదునుగా ఉండి ప్లగ్గులు పైనుంచి దిగితే 1959కి ముందు వాడిన 1476 సీసీ సైడ్ వాల్వ్ (వాల్వులు బ్లాకులోనే ఉంటాయి). ముందువైపు టైమింగ్ కవరు హెడ్ దాకా పాకి ఉంటే 1990లలో వచ్చిన ఇసుజు 1817 సీసీ, దానికి పుష్‌రాడ్లే (క్యామ్ షాఫ్టు తోపును పైనున్న వాల్వులకు అందించే కడ్డీలు) ఉండవు. ఒక తిరకాసు: బి-సిరీస్ డీజిల్ కూడా 1489 సీసీయే, కాబట్టి ఆర్సీలోని సీసీ చూసి నమ్మకండి. డెల్కో లేకుండా ఇంజెక్టర్లు కనిపిస్తే అది డీజిల్.

ప్లగ్గు బొక్కలో కడ్డీ పెట్టి స్ట్రోక్ కొలవమని కొందరు చెబుతారు. బి-సిరీస్‌లో ప్లగ్గు పక్కనుంచి వాలుగా దిగుతుంది. కొలత తప్పు వస్తుంది, పిస్టన్ కదిలితే కడ్డీ ఇరుక్కుంటుంది. వద్దు.

నంబరు ప్లేటు డైనమో పైన బ్లాకు మీద ఉండేది. అది లేనప్పుడు ఆర్సీ సంగతి ఆర్టీవో ఆఫీసులో ముందే కనుక్కోండి. ఇంజన్ బాగయ్యాక తెలిస్తే తలనొప్పి.

ఇక కదలకపోవడం. పట్టేసింది అని ఖాయం చేసుకునే ముందు సెల్ఫ్ మోటార్ చూడండి. దాని పినియన్ ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కున్నా హ్యాండిల్ ఇలాగే రాయిలా ఉంటుంది. పాత లూకాస్ సెల్ఫ్ వెనక చిన్న మూత కింద షాఫ్టు చివర చదరంగా ఉంటుంది, పానా వేసి తిప్పితే పినియన్ వెనక్కి వస్తుంది. లేదా రెండు బోల్టులు తీసి సెల్ఫ్ బయటికి లాగేసి మళ్లీ హ్యాండిల్ వేయండి.

గ్రీజుచేతులు:
సెల్ఫ్ తీసినా కదలకపోతే దోషి ఆ మూడో సిలిండరే. ఆగినప్పుడు దాని వాల్వు తెరుచుకుని ఉండి, మానిఫోల్డు గుండా తేమ లోపలికి వెళ్లి ఉంటుంది. ముందు వ్యాక్యూమ్‌తో వదులు తుప్పు లాగేయండి, లేకపోతే ఆ పొడే రింగుల సందులో చేరి గీకుతుంది. తర్వాత డీజిల్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) సగం సగం కలిపి ఒక్కో సిలిండర్లో 20 మి.లీ. పోసి, ప్లగ్గులు వదులుగా పెట్టి వారం వదిలేయండి. రోజూ టార్చితో చూడండి. మట్టం తగ్గుతుంటే రింగుల చుట్టూ దిగుతోందన్నమాట. అయితే తెరిచిన వాల్వు ఉన్న సిలిండర్లో అది మానిఫోల్డులోకి కూడా పోవచ్చు, అక్కడ ఈ లెక్క నమ్మొద్దు.

కొందరు డీజిల్ బదులు అసిటోన్ కలుపుతారు. సందుల్లోకి బాగానే పాకుతుంది కానీ త్వరగా ఆవిరైపోతుంది, పెయింటు లేపుతుంది, మంట భయం ఉంది. వారం ఆగగలిగినవాళ్లకు దాని అవసరం లేదు.

హ్యాండిల్‌కి పైపు తొడిగి బలం పెంచకండి. టాప్ గేర్లో వేసి ఇద్దరు బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, ఒకే వైపు తోయొద్దు. తాడు కట్టి లాగించడం మాత్రం అసలు వద్దు: బండి బరువంతా ఒక్క కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది.

పాతబండి68:
గుర్తులు చూస్తే బి-సిరీస్ పెట్రోలే. సెల్ఫ్ బాగానే ఉంది. తొమ్మిది రోజుల తర్వాత ఊపితే కదిలింది! ఇప్పుడు హ్యాండిల్‌తో ముప్పావు రౌండు సులువుగా వస్తుంది, తర్వాత ప్రతిసారీ అదే చోట టక్కున ఆగుతుంది. వెనక్కి తిప్పితే మళ్లీ ఫ్రీ.

పదిహేను_థౌ:
అక్కడే ఆపండి. తుప్పు గీత అయితే బిగువుగా జారుతుంది, ఇలా టక్కున ఆగదు. ఏదో వాల్వు మూసిన చోటే గైడులో (వాల్వు కాడ జారే గొట్టం) పట్టేసింది. క్యామ్ దాని పుష్‌రాడ్డును పైకి తోస్తోంది, అది లేవడం లేదు. బలం పెడితే పుష్‌రాడ్డు వంగుతుంది.

టాపెట్ కవరు తీసి, ఇంజన్ ఆగిన చోటే ఉంచి ఎనిమిది పుష్‌రాడ్లనూ వేళ్లతో తిప్పండి. బిగుసుకుని ఉన్నదాని వాల్వు స్ప్రింగ్ దిగి ఉంటే అది మామూలే. బిగుసుకుని ఉండి, స్ప్రింగ్ దిగనిదే మన దొంగ. ముందునుంచి 1, 4, 5, 8 ఎగ్జాస్ట్. 2, 3, 6, 7 ఇన్‌లెట్. మూడో సిలిండరువి 5, 6. అక్కడ మొదలుపెట్టండి.

కొద్దిగా వెనక్కి తిప్పి, ఆ టాపెట్ స్క్రూ పూర్తిగా వదులు చేసి, పుష్‌రాడ్డును రాకర్ (వాల్వును నొక్కే మీట) నుంచి పక్కకు తప్పించండి. కాడ చుట్టూ అదే నూనె వేసి, స్ప్రింగ్ టోపీ మీద చెక్క పెట్టి చిన్న సుత్తితో తట్టండి. ఒకటి రెండు మి.మీ. దిగి తనే తిరిగి లేవాలి. దిగి లేవకపోతే ఆపండి, ఆ పిస్టన్ కింద ఉండేలా చూసుకుని మళ్లీ నూనె వేయండి.

రాకర్ షాఫ్టు మొత్తం తీయాలనిపిస్తే ఒక మాట: దాన్ని పట్టుకున్న పెద్ద నట్లు నాలుగు హెడ్‌వి కూడా. నీళ్లు వదిలేసి, హెడ్ నట్లన్నీ కొద్దికొద్దిగా వరుసలో వదులు చేయకుండా ఆ నాలుగే విప్పితే హెడ్ వంగి, గాస్కెట్ లీకవుతుంది.

గ్రీజుచేతులు:
రెండు రౌండ్లు అడ్డు లేకుండా తిరిగాకే స్టార్టు మాట. ఛాంబరులో (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ఇప్పుడున్న ఆయిల్లో డీజిల్ దిగింది, దానితో ఇంజన్ తిప్పొద్దు. వదిలేసి ఫిల్టరు మార్చి 20డబ్ల్యూ-50 పోయండి. దాదాపు 4 లీటర్లు పడుతుంది, చివరి మాట డిప్‌స్టిక్‌దే. ఈ ఇంజన్లో ఆయిల్ పంపు డెల్కో షాఫ్టు మీద నడవదు, కాబట్టి డ్రిల్లుతో పంపు తిప్పి ముందే ఆయిల్ ఎక్కించే (ప్రైమ్ చేసే) కిటుకు ఇక్కడ పనికిరాదు. ప్లగ్గులు తీసి సెల్ఫ్‌తో పది సెకన్లు తిప్పండి, నిమిషం ఆపండి. ప్రెషర్ కనిపించేదాకా అలాగే.

టాపెట్ల సందు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). వాల్వు నంబర్లు కలిపితే తొమ్మిది రావాలన్నది లెక్క: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకుంటే రెండోది. డెల్కోలోని పాయింట్ల సందు కూడా 15 థౌ, ప్లగ్గు సందు 25 థౌ. సిలిండర్ల ఫైరింగ్ వరుస 1-3-4-2, డెల్కోలోని రోటర్ ఎడమకు తిరుగుతుంది, అంటే గడియారానికి ఎదురు. బ్యాటరీ పెట్టేముందు ఏ వైరు బాడీకి ఉందో చూడండి. కొన్ని పాత బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ వైరే బాడీకి ఉంటుంది.

ట్యాంకు జోలికి పోకండి, చిన్న డబ్బాలో కొత్త పెట్రోల్‌తో నడపండి. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్ పెట్రోల్‌కి నిలవవు, ముందే మార్చేయండి. డయాఫ్రం చిరిగితే పెట్రోల్ ఛాంబరులోకి దిగి ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. మంటలార్పే సిలిండరు పక్కన ఉండాలి.

అంటుకున్నాక పది సెకన్లలో ప్రెషర్ రాకపోతే కట్టేయండి. పొగ మొదట దట్టంగానే వస్తుంది, నానబెట్టిన నూనె కాలుతోంది. అరగంట నడిచాక ఆయిల్ మళ్లీ మార్చి, అప్పుడు కంప్రెషన్ కొలవండి. ముందే కొలిస్తే అతుక్కున్న రింగుల వల్ల మూడోది తక్కువ చూపించి, అనవసరంగా ఇంజన్ విప్పిస్తుంది. అప్పటికీ తక్కువే ఉంటే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు.

పాతబండి68:
ఇరుక్కున్నది ఐదోది, ఎగ్జాస్ట్. తట్టగా తట్టగా నాలుగో రోజు లేచింది. పుష్‌రాడ్డు అద్దం మీద దొర్లిస్తే నిటారుగానే ఉంది. రేపు ఆయిల్ వదులుతున్నాను.

పదిహేను_థౌ:
వదిలిన ఆయిల్‌ను పలచటి గుడ్డలో వడకట్టి చూడండి. ఎర్రటి పొడి అయితే తుప్పే, ఫరవాలేదు. మెరిసే రేకులు కనిపిస్తే ఛాంబరు దించి బేరింగులు చూడకుండా స్టార్టు చేయకండి.