రెండు రోజుల కొలిమి సమావేశానికి వెళ్తున్నాను: ఏమి నేర్చుకుని రావాలి?

ప్రశ్న (ప్రొద్దుటూరు):
ఏడాదిగా ఇంటి వెనుక చిన్న కొలిమి పెట్టుకుని లారీ కమాన్ కట్టలతో వంటకత్తులు, మాంసం కొట్టే కత్తులు చేస్తున్నాను. ఆకారం కుదురుతోంది కానీ పదును నిలవడం లేదు. మా వీధిలోని మాంసం దుకాణం ఆయనకు ఇచ్చిన కత్తికి మూడు రోజుల్లోనే అంచు మడతపడింది. ఈసారి గట్టిగా రావాలని ఇంకో కత్తిని నీళ్లలో ముంచితే, ముంచిన క్షణంలోనే టిక్కుమని చప్పుడై అంచు నుంచి వెన్ను వైపు అరంగుళం చీలింది. వచ్చే నెల ఒక శని, ఆదివారాల్లో అనంతపురం దగ్గరి షెడ్డులో కత్తులు చేసేవారు కలుస్తున్నారని తెలిసి పేరు ఇచ్చాను. ఆ రెండు రోజుల్లో ఒక కత్తిని పూర్తిగా చేసి తెచ్చుకోవడం మేలా, ఒక్క పనినే పట్టుకుని నేర్చుకోవడం మేలా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఆదోని):
పూర్తి కత్తి ఆశ వదులుకోండి. పిడి వేయడం, మెరుగు పెట్టడం ఇంటి దగ్గర కూడా నేర్చుకోవచ్చు. ఉక్కును కాల్చి చల్లార్చే పని మాత్రం తెలిసినవారి పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడుతుంది. పాడైన ఆ రెండు కత్తులనూ తప్పకుండా తీసుకెళ్లండి. చీలినదాన్ని వైస్‌లో బిగించి, గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని విరగ్గొట్టండి. విరిగిన చోటు బొంబాయి రవ్వలా గరుగ్గా మెరుస్తుంటే ఉక్కును అవసరానికి మించి కాల్చారని అర్థం. మైదాపిండిలా మెత్తగా, బూడిదరంగులో ఉంటే వేడి సరిపోయినట్టే. రవ్వ కనిపిస్తే, ఇకపై సుత్తిపని ముగిశాక కత్తిని మూడుసార్లు ఎర్రగా కాల్చి, ప్రతిసారీ గాలిలోనే చల్లారనిచ్చి, ఆ తరువాతే నూనెలో ముంచండి.

జవాబు (కర్నూలు):
మాది కమ్మరి కుటుంబం. మా నాయన ఎండలో ఎన్నడూ ఉక్కును కాల్చి పదును పెట్టలేదు, ఎందుకంటే వెలుతురులో ఎరుపు మసకగా కనిపించి, ఇంకా కాలలేదనుకుని మనం ఎక్కువ కాల్చేస్తాము. కంటికి తోడుగా ఒక అయస్కాంతం ఉంచుకోండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు దానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి మరికొంత వేడెక్కించి, 830 ప్రాంతంలో, ముందే 50, 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన నూనెలో ముంచాలి. మన కమాన్ కట్టల్లో కార్బన్ ఎక్కువగా 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది కనుక నూనె చాలు; నీళ్లలో పలుచని అంచు చీలడం సహజం. నాయన కొడవళ్లకు నీళ్లే వాడేవాడు, కానీ అంచును మాత్రమే ముంచి తీసి, ఆకురాయితో రుద్ది, వెన్నులోని వేడి తిరిగి పాకి అంచు ఎండుగడ్డి పసుపు రంగుకు వచ్చేదాకా రెప్ప వేయకుండా చూసేవాడు. ఆ చూపు రెండు రోజుల్లో రాదు. అందుకే నూనెలో ముంచిన కత్తిని, పెళుసుదనం తగ్గడానికి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచండి. మీ మొదటి కత్తి అంచు మడతపడిందంటే అది సరిగా గట్టిపడనే లేదని నా అనుమానం.

జవాబు (అనంతపురం):
నూలు బట్టలు కట్టుకుని, చెప్పులతో కాక తోలు బూట్లతో రండి; నైలాన్ చొక్కా నిప్పురవ్వకు ఒంటికి అతుక్కుంటుంది. జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టకండి, ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది. బస్సులో వచ్చేటట్టయితే కత్తులను అట్టలో చుట్టి, సంచి అడుగున పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆగలేక నిన్న సాయంత్రమే చీలిన కత్తిని విరగ్గొట్టి చూశాను. పిడి వైపు మెత్తగా ఉంది, మొన వైపు మాత్రం రెండు అంగుళాల మేర రవ్వే. మొన పలుచన కనుక, వెన్ను ఎర్రబడేలోపే అది అతిగా కాలిపోతోందని ఇప్పుడు తెలుస్తోంది. అనంతపురంలో నేను అడగబోయేది ఇదొక్కటే: కొలిమిలో కత్తిని ఎలా తిప్పితే మొన, వెన్ను ఒకే వేడికి వస్తాయి?