క్వాలిటీ అందరిదీ అంటే చివరికి ఎవరిది?

పాత టెస్టర్:
మా దగ్గర టెస్టింగ్ టీమ్ ఎత్తేసి మమ్మల్ని తలా ఒక ప్రొడక్ట్ టీమ్‌లో వేశారు, ఇకనుంచి క్వాలిటీ అందరిదీ అన్నారు. మూడు నెలలైంది. డెవలపర్లు టెస్టులు రాస్తున్నారు, కాదనను, కానీ వాళ్ళ మనసులో ఏముందో అదే చెక్ చేసుకుంటున్నారు, యూజర్ అడ్డదిడ్డంగా ఏం నొక్కుతాడో ఎవరికీ పట్టదు. రిలీజ్ ముందు సాయంత్రం మాత్రం "నువ్వు ఒకసారి చూశావా" అని నా దగ్గరికే వస్తారు. పదిమందిలో పాము చావదు అని ఊరికే అన్నారా?

కోడ్ కూలీ:
నేను డెవలపర్నే, ఒప్పుకోను. టెస్టర్ ఉన్నాడులే పట్టుకుంటాడు అని కోడ్ అటు పడేసిన రోజులు నాకూ తెలుసు, రెండు వారాలకి బగ్ తిరిగొస్తే అది ఎందుకలా రాశానో నాకే గుర్తుండేది కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్‌కి 85 లక్షల విండోస్ మెషీన్లు పడుకున్నాయి కదా. 21 ఇన్‌పుట్లు కావాల్సిన చోట ఇచ్చింది 20. దాన్ని పట్టాల్సిన వాలిడేటర్‌లోనే (పంపేముందు అప్‌డేట్‌ని చెక్ చేసే ప్రోగ్రామ్) బగ్, పైగా విడతలవారీగా పంపకుండా ఒకేసారి అందరికీ వదిలారు. ఇందులో ఏ టెస్టర్‌ని పట్టుకుని తిడతారు?

రాత్రి ఆన్‌కాల్:
మరి నైట్ క్యాపిటల్, ఆ అమెరికా షేర్ ట్రేడింగ్ కంపెనీ? 2012 ఆగస్టు 1. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వెళ్ళలేదు, పాతది నిద్రలేచి ఆర్డర్లు పెట్టేసింది, 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకి పైనే పోయాయి. మార్కెట్ తెరవకముందే ఎర్రర్ చెప్పే 97 మెయిళ్ళు వెళ్ళాయి, ఓ గ్రూప్‌కి!! (అవి అలర్టులుగా పెట్టినవి కావనుకోండి.) గ్రూప్ మెయిల్ మనలో ఎవరం తెరుస్తాం చెప్పండి. అందుకే మా టీమ్‌లో కోడ్ రాసినవాడే ఆన్‌కాల్ (ఏ వేళ సమస్య వచ్చినా లేచి చూడాల్సింది వాడే), ఆ వారం పేరు బోర్డు మీద ఉంటుంది, డౌట్ వస్తే జూనియర్ అయినా రిలీజ్ ఆపొచ్చు. టొయోటా ఫ్యాక్టరీలో లైన్ మీద పనిచేసేవాళ్ళు తేడా కనిపిస్తే తాడు లాగి లైన్ ఆపినట్టు.

పాత టెస్టర్:
ఆపొచ్చు అని మాకూ చెప్పారండీ. పోయిన నెల ఆపా, పేమెంట్ పేజీలో రెండుసార్లు డబ్బు కట్ అవుతోందని. అప్రైజల్‌లో "డెలివరీకి అడ్డు" అని వచ్చింది.

కోడ్ కూలీ:
అయ్యో. ఆ అప్రైజల్ రాసినాయన పేరు మీ ఆన్‌కాల్ లిస్టులో ఉందా?

పాత టెస్టర్:
లేదు.