అబర్డీన్ 1817 దివాలా: తప్పు యూనియన్ స్ట్రీట్‌దా, కౌన్సిల్ లెక్కలదా?

గ్రానైట్‌రాయి:
స్కాట్లాండ్ చరిత్ర చదివేవాళ్లకు ఒక ప్రశ్న. అబర్డీన్ పట్టణ కౌన్సిల్ 1800లో పార్లమెంటు నుంచి చట్టం తెచ్చుకుని యూనియన్ స్ట్రీట్, కింగ్ స్ట్రీట్ వేయడం మొదలుపెట్టింది. 1817 వచ్చేసరికి రెండు లక్షల పౌండ్లు దాటిన అప్పుతో చేతులెత్తేసింది. ఊరి ఆస్తులు అప్పులవాళ్ల తరఫున చూసే ట్రస్టీల చేతికి వెళ్లాయి. నన్నడిగితే అప్పు చేసి పప్పుకూడు తిన్న వ్యవహారమే ఇది. అంత హంగు అవసరమా?

డాన్‌ఒడ్డు:
హంగు అనేముందు ఆ నేల ఎలా ఉండేదో చూడండి. పాత ఊళ్లోకి రావాలంటే ఇరుకు సందులు, నిటారు వాలులు. సెయింట్ కేథరిన్ గుట్టను చెక్కారు, పల్లంలో కమానులు కట్టి రోడ్డును పైకెత్తారు, డెన్ వాగు మీద 130 అడుగుల ఒంటి కమాను వంతెన 1805కల్లా నిలబెట్టారు. ఇవాళ్టికీ కరెక్షన్ విండ్ అనే సందులోకి దిగితే నెత్తిమీద కమాను కనిపిస్తుంది, దాని పైన యూనియన్ స్ట్రీట్ ట్రాఫిక్ పోతుంటుంది. ఆ రోడ్డు లేకపోతే ఊరు పడమటికి పెరిగేదే కాదు.

గ్రానైట్‌రాయి:
రోడ్డు బాగుంది సరే, డబ్బు ఎక్కణ్ణుంచి రావాలని అనుకున్నారు?

డాన్‌ఒడ్డు:
రోడ్డు పక్క స్థలాల మీద. వాటిని ఫ్యూ పద్ధతిలో ఇచ్చేవాళ్లు. అంటే స్థలం తీసుకున్నవాడు ఏటా ఒక స్థిరమైన మొత్తం ఎప్పటికీ కడుతూ ఉండాలి. ఆలోచన మంచిదే. స్థలాలు మాత్రం అనుకున్నంత వేగంగా పోలేదు, వడ్డీ ఆగదు కదా.

పాతచిట్టా:
ఇద్దరూ రోడ్డు దగ్గరే ఆగిపోయారు. అసలు గొడవ చిట్టాలో ఉంది. 1469 చట్టం ప్రకారం దిగిపోయే కౌన్సిలే కొత్త కౌన్సిల్‌ను ఎన్నుకునేది. అంటే వాళ్లలో వాళ్లే. లెక్క చెప్పమని గట్టిగా అడిగే హక్కు ఊళ్లోవాళ్లకు లేదు. పైగా పేదలకు, చదువుకు దాతలు రాసిచ్చిన ధర్మనిధులు కూడా ఈ కౌన్సిల్ చేతిలోనే ఉండేవి. అప్పిచ్చే నిధికీ పుచ్చుకునే ఖజానాకూ పెద్దమనుషులు ఒక్కరే అయితే, 'ఈ అప్పు తీరుతుందా?' అని అడిగేదెవరు? 1817లో దిగిపోతూ ఆ కౌన్సిల్ పెద్దలే ఎన్నిక పద్ధతిలో లోపం ఉందని రాసిచ్చారు. 1819లో పార్లమెంటు కమిటీ విచారణ కూడా జరిగింది. రోడ్డు వేయడం తప్పు కాదండీ, జనానికి లెక్క చూపకుండా వేయడం తప్పు.

సాల్మన్‌వల:
నేను ఇంకాస్త వెనక్కి వెళ్తాను. 1319లో రాజు రాబర్ట్ బ్రూస్ ఊరికి స్టాకెట్ అడవిని శాశ్వతంగా ఇచ్చాడు, ఏటా 213 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు కట్టే షరతు మీద. కాలం గడిచి డబ్బు విలువ పడిపోయేకొద్దీ లాభం ఊరిదే. ఊరి ఉమ్మడి ఆస్తి ఊరి మేలుకే వాడాలని, భూములు, చేపల రేవులు మూడేళ్లకు మించి కౌలుకివ్వకూడదని 1491లో చట్టం కూడా వచ్చింది. అయినా 16వ శతాబ్దం మధ్యలో ఇదే కౌన్సిల్ ఆ భూములను, సాల్మన్ చేపల రేవులను స్థిరమైన వార్షిక మొత్తానికి శాశ్వతంగా ఇచ్చేసింది. స్కాట్లాండ్ డబ్బు విలువ ఎంత పడిపోయిందంటే, 1603 నాటికి 12 స్కాట్స్ పౌండ్లు ఒక ఇంగ్లిష్ పౌండుకు సమానం; ఊరికొచ్చే ఆ స్థిరమైన మొత్తం విలువా అలాగే కరిగిపోయింది. రాజు ఎక్కడ నష్టపోయాడో తెలిసీ, ఊరు వెళ్లి అక్కడే పడింది! ఆ ఆస్తి ఉండి ఉంటే 1817 వచ్చేదా?

గ్రానైట్‌రాయి:
అప్పుడు రొక్కం అవసరం పడిందేమో. ఫ్యూ రాయించుకునేటప్పుడు ముందుగా ఒక మొత్తం ముట్టేది కదా.

సాల్మన్‌వల:
ముట్టింది, ఒక్కసారే. చేపలు ఏటా వచ్చేవి.

డాన్‌ఒడ్డు:
ఎంత తిట్టినా ఒక మాట మర్చిపోకండి. 1825కల్లా ట్రస్టీల పాలన ముగిసి ఆస్తులు మళ్లీ కౌన్సిల్‌కు వచ్చాయి. అంటే ఆస్తి లేక కాదు, చేతిలో నగదు ఆడక దెబ్బతిన్నారు.

పాతచిట్టా:
మీ మాటే నా వాదనకు బలం. ఆస్తి అంత గట్టిదైతే లెక్క దాచాల్సిన పనేముంది? ఏటా చిట్టా బయటపెట్టి ఉంటే అప్పు కొండంత కాకముందే ఎవరో ఒకరు ఆపేవారు. ఏటా పది పౌండ్ల అద్దె విలువ చేసే ఇల్లున్నవాళ్లకు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1833లో. రోడ్డు వేయడం మొదలై అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది.