రేకు వెల్డింగుకు పాత ఇనుముతో క్లాంపులు: కమాను పట్టీ వాడవచ్చా?

కొత్తచెయ్యి: ఒక మిల్లీమీటరు రేకుతో డబ్బా చేస్తున్నాను. అంచులు కలిపి టాక్ (చిన్న వెల్డింగ్ చుక్క) వేసేలోపే ఒకటి పైకి లేస్తోంది. క్లాంపులు కొనే స్తోమత ఇప్పుడు లేదు. పాత యాంగిల్ (L ఆకారపు ఇనుము) ముక్కలు, నట్లు, బోల్టులు, లారీ కమాను పట్టీ ఒకటి ఉన్నాయి. వీటితో చేసుకోవచ్చా?

తుక్కుబండి: నిక్షేపంగా. కమాను పట్టీ ముక్కను వెన్నుగా పెట్టి, ఒక కొసకు యాంగిల్ ముక్క, రెండో కొసకు నట్టు ఉన్న మరో ముక్క వెల్డింగ్ చేయండి. నట్టులో పొడవాటి బోల్టు. బోల్టు కొనకు వాషరు వదులుగా తిరిగేలా అమర్చండి, లేకపోతే బిగిస్తున్నప్పుడు బోల్టు రేకును పక్కకు లాగేస్తుంది. నా పద్నాలుగు క్లాంపులూ ఇలా చేసినవే.

రేకుపని: కమాను పట్టీని వెల్డింగ్ చేయమంటున్నారా? అది కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు. అతుకు పక్కన త్వరగా చల్లారితే పెళుసెక్కుతుంది.

తుక్కుబండి: పదకొండేళ్లుగా వాడుతున్నాను. ఒక్కటీ విరగలేదు.

నీలిమంట: కొత్తచెయ్యి గారూ, రేకు అతుకు వెనక రాగి పట్టీ పెట్టండి. వేడిని లాగేస్తుంది, రేకుకు చిల్లు పడదు.

రేకుపని: విరగలేదంటే విరగదని కాదు. ముందుగా వేడి చేశారా? తర్వాత బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చారా? దీనికి జవాబు చెప్పండి.

తుక్కుబండి: చేయలేదు. నేను పని నేర్చుకున్న షెడ్డులో క్లాంపుల పెట్టెకు తాళం ఉండేది. రేకు కదిలితే తిట్లు మాత్రం నాకు. తుక్కులో ఏరుకుని మొదటి క్లాంపు చేసుకున్న రోజునే నాకు పని వచ్చింది. అది వద్దు, ఇది వద్దు అనేవాళ్లను చాలామందిని చూశాను.

పాతగొళ్లెం: నట్టు మీద జింకు పూత ఉంటే గీకేయండి. ఆ పొగ పీల్చి ఒక రాత్రంతా చలిజ్వరంతో వణికాను.

రేకుపని: మీ షెడ్డు తాళానికీ ఈ కమాను పట్టీకీ సంబంధం ఏమిటి? అలాంటి క్లాంపు బిగిస్తుంటే విరిగి, ముక్క ఎగిరి మా తమ్ముడి కనుబొమ్మ చీలింది. ఇంకాస్త కిందికి తగిలితే కన్ను పోయేది. విరిగిన చోట చూశాను. గింజలు గింజలుగా మెరుస్తోంది, ఉక్కు సాగిన జాడే లేదు. ఆ క్లాంపు చేసింది నేనే.

తుక్కుబండి: ఈ మాట మొదటే చెప్పవలసింది. తమ్ముడు కోలుకున్నందుకు సంతోషం. అయినా కొత్తవాళ్లు చేసుకోకూడదంటే ఒప్పుకోను.

రేకుపని: చేసుకోవద్దని ఎక్కడన్నాను? యాంగిల్ ముక్కలు మెత్తటి ఉక్కు, అతిగా బిగిస్తే వంగుతాయి, అంతే. తుక్కులో ఏది ఏ ఉక్కో కొత్తవాడికి ఎలా తెలుస్తుందన్నదే నా భయం.

తుక్కుబండి: గ్రైండరుకు ఆనించి నిప్పురవ్వలు చూస్తే తెలుస్తుంది.

రేకుపని: చూసి పోల్చడానికి కన్ను అలవాటు పడాలి.

తుక్కుబండి: అలవాటు పడాలంటే ముందు చేయనివ్వాలి!

కొత్తచెయ్యి: కళ్లద్దాలు పెట్టుకుని ఇప్పుడే చూశాను. యాంగిల్ రవ్వలు పొడవుగా, తీగల్లా వచ్చాయి. పట్టీ రవ్వలు పొట్టిగా, కొసన గుత్తులుగా చిట్లాయి. తేడా నాకే తెలిసింది. యాంగిల్‌తోనే రెండు క్లాంపులు చేశాను. రేకు లేవడం లేదు కానీ మధ్యలో ఉబ్బుతోంది.

నీలిమంట: టాకులు వరసగా వేయకండి. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి, తర్వాత మధ్యలో. ఒక్కోటీ చల్లారాక మరొకటి.

తుక్కుబండి: పట్టీని పారేయకండి. మధ్యలో రంధ్రం ఉంటే అందులో బోల్టు వేసి, పట్టీని బోర్లించి బల్లకు బిగించండి. రెండు కొసలూ రేకును నొక్కి పట్టుకుంటాయి. వెల్డింగ్ అక్కరలేదు.

రేకుపని: దీనికి నాకు అభ్యంతరం లేదు. మీ పద్నాలుగింటినీ ఒకసారి కడిగి, అతుకుల పక్కన వెంట్రుక మందం పగుళ్లేమైనా ఉన్నాయేమో చూసి చెప్పండి.

తుక్కుబండి: రేపు పగటి వెలుగులో చూస్తాను.