మీటింగుల్లో ఫోన్ చూసేవారికి ఎలా చెప్పాలి? చూసేది మేనేజరే అయితే?

ప్రశ్న: బెళ్ళందూరు వాసి

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఈమధ్యనే టీమ్ లీడ్‌గా బాధ్యత తీసుకున్నాను. వారానికొకసారి జరిగే మా ప్లానింగ్ మీటింగులో ఒకరు తమ పని వివరిస్తూ ఉంటే మిగిలినవారిలో సగం మంది తల వంచుకుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. తీరా నిర్ణయం దగ్గరకు వచ్చేసరికి "మళ్ళీ ఒకసారి చెబుతారా" అని అడుగుతారు. కిందటిసారి కొత్తగా చేరిన ఒక అమ్మాయి తన మొదటి డిజైన్‌ను వివరిస్తూ, వినేవారు లేరని గ్రహించి, మిగతా భాగాన్ని గబగబా చదివేసి కూర్చుండిపోయింది. ఆ డిజైన్‌లో ఉన్న లోపం పది రోజుల తరువాత టెస్టింగులో గానీ బయటపడలేదు.

గది గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టి ఫోన్లన్నీ అందులో వేయిద్దామని ఒక సహోద్యోగి అంటున్నారు. చిక్కేమిటంటే, అందరికంటే ఎక్కువగా ఫోన్ చూసేది మా మేనేజరు గారే. ఆయన వయసులోనూ అనుభవంలోనూ పెద్దవారు, పైగా ఈ బాధ్యతకు నా పేరు సూచించినవారు. ఆయనను మినహాయించి కుర్రవాళ్ళకు మాత్రం నియమం పెడితే నవ్వులపాలవుతాను. ఇటువంటి పరిస్థితిని చక్కదిద్దినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు: మానవ వనరులు

బుట్ట ఆలోచనను మానుకోండి. పెద్దవాళ్ళ చేతిలోంచి ఫోన్ తీసుకోవడం బడిపిల్లల వ్యవహారంలా ఉంటుంది, మొదటి వారం నవ్వుతూ ఒప్పుకున్నవారే రెండో వారానికి సాకులు చెబుతారు. రక్షణ పరిశోధన సంస్థల్లో ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చిరావాలన్న నియమం నిలబడుతోందంటే, దానికి గోప్యత అనే కారణం ఉంది, అది హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. కేంద్ర మంత్రివర్గ సమావేశాలకు ఫోన్లు తేవద్దని 2016లో మంత్రులకు సూచించినప్పుడు కూడా చూపిన కారణం సమాచార భద్రతే గానీ ఏకాగ్రత కాదు. (మన కర్ణాటక శాసనసభ భవనం విధాన సౌధలో 2012లో సభ జరుగుతుండగా ఫోన్‌లో చూడరానివి చూసిన వ్యవహారంలో ముగ్గురు మంత్రులు రాజీనామా చేయవలసి వచ్చిన సంగతి ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది, మీ టీమ్ అంత దూరం పోలేదని సంతోషించండి.)

మీరు ముందుగా చూడవలసింది ఆ మీటింగుకు ఎవరు రావాలన్నది. తమ పనితో సంబంధం లేని నలభై నిమిషాల చర్చలో కూర్చోబెడితే ఎవరి చెయ్యయినా జేబులోకే పోతుంది. సాఫ్ట్‌వేర్ బృందాలు పనిని చిన్న విడతలుగా చేసే స్క్రమ్ పద్ధతిలో రోజువారీ సమావేశానికి 15 నిమిషాల హద్దు పెట్టడంలోని ఉద్దేశం కూడా ఇదే. మీ వారపు సమావేశాన్ని రెండుగా విడదీసి, డిజైన్ చర్చకు దానితో పని ఉన్న ముగ్గురు నలుగురిని మాత్రమే పిలిస్తే, మీరు నోరు విప్పకుండానే సగం ఫోన్లు మాయమవుతాయి.

జవాబు: రాత్రి ఆన్‌కాల్

పై సలహాతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఫోన్ పక్కన పెట్టలేనివారి సంగతి కూడా ఆలోచించాలి. ఆన్‌కాల్‌లో ఉన్నవాడి, అంటే ఏ వేళ సమస్య వచ్చినా వెంటనే చూడవలసిన వంతు ఉన్నవాడి, ఫోన్ బుట్టలో పడి ఉండగా సర్వర్ కూలిపోతే దానికి జవాబు చెప్పవలసింది మీరే. ఆ వారం ఆన్‌కాల్ ఎవరిదో మీటింగు మొదట్లోనే ప్రకటించండి. ఆ ఒక్కరి ఫోన్ బల్ల మీద ఉండవచ్చునని అందరికీ తెలిసినప్పుడు, మిగిలినవారి ఫోన్లు సంచుల్లో ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇంటి నుంచి అత్యవసరమైన ఫోన్ వస్తుందేమోనన్న భయానికి కూడా మార్గం ఉంది. డు నాట్ డిస్టర్బ్ పెట్టుకున్నా, ఎంచుకున్న కొందరి కాల్స్ మాత్రం మోగేటట్లు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ అమర్చుకోవచ్చు. ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండుసార్లు వస్తే రెండోది మోగనిచ్చే సౌకర్యం కూడా ఉంది. ఆండ్రాయిడ్‌లో ఈ వ్యవధి 15 నిమిషాలు, ఐఫోన్‌లో 3 నిమిషాలు. "అత్యవసరమైతే వెంటనే రెండోసారి చేయండి" అని ఇంట్లో ఒక్కమాట చెప్పి ఉంచితే సరిపోతుంది.

ఫోన్‌ను బోర్లించి బల్ల మీద పెట్టడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదని టెక్సస్ విశ్వవిద్యాలయం వారు 2017లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. ఫోన్ వేరే గదిలో ఉన్నవారు ఏకాగ్రత అవసరమైన పరీక్షల్లో మెరుగ్గా రాణించారని అందులో తేలింది.

జవాబు: మానవ వనరులు

ఆ పరిశోధనను అంత గట్టిగా పట్టుకోకండి. తరువాత అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూసిన కొందరికి ఆ ఫలితం రాలేదు. మేనేజరు గారి ముందు దానిని సాక్ష్యంగా పెడితే, ఆయన ఆ రెండో సంగతి వెతికి మీకే చూపించవచ్చు.

జవాబు: వైట్‌ఫీల్డ్ అమ్మ

మీటింగులో ఫోన్ చూసేవారిలో నేనూ ఒకదాన్ని. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డెలివరీ అబ్బాయిని లోపలికి పంపాలా వద్దా అని అడిగే యాప్, పాప స్కూలు బస్సు ఎక్కడుందో చూపే యాప్, రెండూ ఈ ఫోన్‌లోనే ఉన్నాయి. అమెరికా వారి కోసం సాయంత్రం ఏడున్నరకు పెట్టే కాల్ వాళ్ళకు ఆఫీసు వేళ కావచ్చు గానీ, నాకు అది పిల్లలకు అన్నం పెట్టే వేళ. ఆ వేళకు మీటింగు పెట్టేవారు ఫోన్ గురించి మాట్లాడకపోతేనే మర్యాదగా ఉంటుంది. ఇంకొక మాట, ఇంటి నుంచి కెమెరా ఆపుకుని చేరినవారు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు. గదిలో కూర్చున్నందుకు మేము మాత్రమే దొరికిపోతున్నాం.

ప్రశ్న అడిగినవారు: బెళ్ళందూరు వాసి

అందరికీ కృతజ్ఞతలు. డిజైన్ చర్చను విడదీయడం, ఆన్‌కాల్ మనిషిని ముందే ప్రకటించడం, ఈ రెండూ వచ్చే వారం నుంచే అమలు చేస్తాను. ఇంటి నుంచి చేరేవారి విషయంలో వైట్‌ఫీల్డ్ అమ్మ గారు అన్నది న్యాయమే, కాబట్టి గదిలో ఉన్నవారికి మాత్రమే వర్తించే నియమమేదీ పెట్టను. మేనేజరు గారి సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది.

జవాబు: పీణ్య ఫ్యాక్టరీ

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను, పీణ్యలో యంత్రభాగాలు తయారుచేసే చోట పని చేస్తున్నాను. మా షాప్ ఫ్లోర్‌లో యంత్రం దగ్గర ఫోన్ పట్టుకుంటే వేళ్ళు పోతాయి కాబట్టి అక్కడ వాదనకు తావు లేదు. మీటింగు గదిలో మాత్రం మా పెద్దసారు కూడా మీ మేనేజరు గారి వంటివారే.

పెద్దవారికి "ఫోన్ చూడకండి" అని చెప్పనవసరం లేదు, చెప్పినా పని జరగదు. ఒక మీటింగు నుంచి ఇంకొక మీటింగుకు పరుగెత్తే మనిషికి సెలవులు, బిల్లులు, క్లయింట్ మెయిళ్ళు చూసుకునే వేళ మీ మీటింగు ఒక్కటే అయి ఉండవచ్చు. అందుకని ఆయన నిర్ణయం అవసరమైన అంశాలను మొదటి పది నిమిషాల్లో ముగించి, "సార్, ఇక్కడితో మీతో పని అయిపోయింది, ఉండాలంటే ఉండండి" అని గౌరవంగా చెప్పండి. చాలామంది సంతోషంగా లేచి వెళతారు.

ఆయన ఉండి తీరవలసిన రోజున విడిగా కలిసి సహాయం అడిగినట్లు అడగండి. "ఆ అమ్మాయి ఈసారి మళ్ళీ డిజైన్ వివరిస్తోంది సార్. ఆ ఇరవై నిమిషాలు మీరు పూర్తిగా విని ఒకటి రెండు ప్రశ్నలు వేస్తే ఆమెకు ధైర్యం వస్తుంది" అంటే ఆ మాటలో తప్పుపట్టిన ధ్వని లేదు, ఫోన్ ప్రస్తావనా లేదు. మా పెద్దసారుతో ఇలాగే మాట్లాడాను. ఆ రోజు ఆయన ఫోన్ ముట్టలేదు, ఆ తరువాతి వారం మళ్ళీ ముట్టారు. అవసరమైనప్పుడల్లా మళ్ళీ అడుగుతున్నాను.