పక్క మడిగె తీసుకోవాలా? పెద్ద డిస్కౌంట్ దుకాణం వచ్చిన తర్వాత కిరాణం లెక్క

హన్మకొండ గల్లా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హన్మకొండలో ఒక కాలనీ మధ్య మాకు కిరాణా దుకాణం ఉంది. నాన్న పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. నేను వేరే ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు గల్లా దగ్గర కూర్చుంటాను. మాకు దగ్గరలో ఒక పెద్ద డిస్కౌంట్ దుకాణం తెరిచినప్పటి నుంచి గిరాకి పడిపోయింది. అయితే అన్ని సరుకుల్లోనూ ఒక్కలా పడిపోలేదు. పాల ప్యాకెట్లు, గుడ్లు, పావుకిలో పప్పు, అయిదు రూపాయల బిస్కెట్లు ఎప్పటిలాగే పోతున్నాయి. నెల మొదటి వారంలో పెద్ద చిట్టీ రాసి పంపి, సామాను ఇంటికి చేరగానే డబ్బు చేతిలో పెట్టే ఉద్యోగుల కుటుంబాలు మాత్రం దాదాపుగా రావడం మానేశాయి. ఇప్పుడు వారు మా గడప తొక్కేది నడుమ ఉప్పు అయిపోతేనో, పూజకు కొబ్బరికాయ కావలసి వస్తేనో.

నాకు అంతుపట్టనిది ధర. నాన్న ఒకసారి స్వయంగా అక్కడికి వెళ్లి డిటర్జెంట్ పౌడర్ పెద్ద ప్యాకెట్టు కొని తెచ్చి, ఆ బిల్లును మా ఏజెన్సీ బిల్లు పక్కన పెట్టి చూశారు. అక్కడ చిల్లరగా కొన్న ధర, మాకు హోల్‌సేల్‌గా పడే ధర కంటే తక్కువగా ఉంది. ఏజెన్సీ సరుకు మానేసి అక్కడ కొనుక్కొచ్చి అమ్ముకుంటేనే మాకు నాలుగు రూపాయలు మిగిలేలా ఉంది.

ఇదిలా ఉండగా పక్క మడిగె ఖాళీ అయింది. నడిమి గోడ తీసేసి, ర్యాకులు పెట్టి, కొనేవారే చేతితో తీసుకునేలా మార్చి, బోర్డు మీద మార్ట్ అని రాయించాలని నాన్న పట్టుదల. అడ్వాన్సు, ర్యాకులు, కొత్త సరుకు కలిపితే ఇంట్లో దాచుకున్నదంతా అందులోకే పోతుంది. ఈ పోటీ మాబోటి వారు తట్టుకోగలిగినదేనా? నష్టానికి అమ్మి పక్కవారిని ముంచడాన్ని అడ్డుకునే చట్టం ఏదైనా ఉన్నదా? కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్ వైపు ఈ పరిస్థితిని మాకంటే ముందు చూసినవారు వివరంగా రాయగలరని మనవి.

పాత ఏజెన్సీ, వరంగల్

తమ్ముడూ, నేను చాలాకాలం సబ్బులు, పౌడర్ల డిస్ట్రిబ్యూషన్ చేసి మానుకున్నవాడిని కాబట్టి ధర సంగతి చెప్పగలను. వారు నష్టానికి అమ్ముతున్నారన్న అనుమానం ముందుగా వదిలిపెట్టండి. మీ కొన్న ధర వారి కొన్న ధర కాదు. మీకు వచ్చే ప్యాకెట్టు మీద డిస్ట్రిబ్యూటర్ మార్జిన్, వారం వారం ఆర్డరు రాసుకోవడానికి వచ్చే సేల్స్‌మన్ జీతం, ట్రాలీ ఆటో కిరాయి, హమాలీ కూలి, మీరు పదిహేను రోజులకు ఇచ్చే బాకీ మీద వడ్డీ అన్నీ కూర్చుని ఉంటాయి. పెద్ద దుకాణం లారీల లెక్కన నేరుగా కంపెనీ దగ్గర ఎత్తుతుంది కనుక ఆ బరువేదీ దాని మీద పడదు.

డీమార్ట్‌నే ఉదాహరణగా తీసుకోండి. 2002లో ముంబైలోని పోవైలో ఒక్క దుకాణంతో మొదలై, 2025 మార్చి నాటికి 415 దుకాణాలకు చేరిన ఆ సంస్థ ఎక్కువ చోట్ల సొంత భవనాల్లోనే నడుస్తుంది. కాబట్టి నెల తిరిగేసరికి కిరాయి భయం ఉండదు. సరుకు ఇచ్చిన కంపెనీలకు వారం పది రోజుల్లో డబ్బు చెల్లించేస్తుంది. నగదు తొందరగా వస్తుందంటే ఏ కంపెనీ అయినా ఇంకొంత ధర తగ్గిస్తుంది. తగ్గిన ధరకు అమ్మడం వల్ల సరుకు సుమారు నెల రోజుల్లో తిరిగిపోతుంది, తిరిగిన డబ్బు మళ్లీ నగదు కొనుగోలుకు పనికొస్తుంది. పైకి అడ్డికి పావుసేరు అమ్మినట్టే కనిపిస్తుంది గానీ లోపల ప్రతి పైసాకు లెక్క ఉంటుంది.

దీనిలో మొదట దెబ్బతిన్నది మీరు కాదు, మేము. మా డిస్ట్రిబ్యూటర్ల అఖిల భారత సమాఖ్య 2021 చివరలో ఇదే విషయం మీద పెద్ద కంపెనీలను నిలదీసింది. ఆన్‌లైన్ హోల్‌సేల్ సంస్థలకు ఒక ధర, మాకు ఒక ధర ఎలా వేస్తారని అడిగి, 2022 జనవరిలో మహారాష్ట్రలో కోల్గేట్ సరుకులు కొన్నింటి సరఫరాను ఆపింది కూడా. ఆ గొడవ గురించి పత్రికల్లో నాలుగు రోజులు రాశారు, తర్వాత మరిచిపోయారు.

మడిగె గురించి ఇప్పుడే చెప్పను. మీరు ఒక పని చేయండి. దుకాణంలో ఉద్దెర పుస్తకం తీసి, ఆ పెద్ద దుకాణం రాకముందు నెలాఖరుకు రావలసిన బాకీ ఎంత, ఇప్పుడు ఎంత, అప్పటి అమ్మకంలో అది ఎన్నో వంతు, ఇప్పుడు ఎన్నో వంతు అని చూసి ఇక్కడ రాయండి.

కాజీపేట క్వార్టర్స్

అన్నగారు చెప్పిన లెక్క బాగుంది. కొనేవారి వైపు నుంచి కూడా ఒక మాట వినండి. మాది రైల్వే జీతం మీద నడిచే ఇల్లు. నెల సామాను పెద్ద దుకాణంలో తేవడం మొదలుపెట్టిన తర్వాత మాకు మిగిలేది పెద్ద మొత్తమేమీ కాకపోయినా, పిల్లవాడి ట్యూషన్ ఫీజుకు ఆసరా అయ్యేంత ఉంటుంది. అంతకంటే ముఖ్యం, అక్కడ ప్రతి వస్తువు ధర అరకు అతికించి ఉంటుంది, బిల్లు చేతికి వస్తుంది, తారీఖు చూసి తీసుకోవచ్చు, పాడైతే వాపసు ఇవ్వవచ్చు. మా పాత కిరాణంలో పప్పు ధర నిన్నటికీ ఈరోజుకీ ఎందుకు మారిందని అడిగితే సేటు మొహం మాడ్చుకునేవారు. ఉద్దెర ఉన్న ఇంటికైతే ఆ మాత్రం అడిగే నోరు కూడా ఉండదు. పాత బాకీ ఉన్నవారు ఏ ధర వేస్తే ఆ ధరకు, ఏ బియ్యం పోస్తే ఆ బియ్యం తీసుకుని వెళ్లవలసిందే. చిన్న దుకాణాల మీద జాలితో రాసేవారు ఈ సంగతిని ఎప్పుడూ దాటవేస్తారు.

లెక్చరర్, సుబేదారి

చట్టం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. కాంపిటీషన్ చట్టం, 2002లోని 4వ సెక్షన్ ప్రకారం ఖర్చు కంటే తక్కువ ధరకు అమ్మి పోటీదారులను తరిమివేయడం చట్టవిరుద్ధమే గానీ, ఆ పని చేసిన సంస్థ మార్కెట్‌లో ఆధిపత్య స్థానంలో ఉన్నదని ముందుగా రుజువు కావాలి. సరుకుల వ్యాపారంలో ఇప్పటికీ చాలా పెద్ద వాటా చిన్న దుకాణాలదే అయిన దేశంలో ఏ ఒక్క సంస్థ మీదా దీనిని రుజువు చేయడం తేలిక కాదు. పైగా పాత ఏజెన్సీ గారు చెప్పినట్టు వారు నష్టానికి అమ్మడమే లేదు. ప్యాకెట్టు మీద ముద్రించేది గరిష్ఠ ధర మాత్రమే. అంతకు తగ్గించి అమ్మకూడదని ఏ నియమమూ చెప్పదు.

తయారీదారు ఒక వ్యాపారికి ఒక ధర, అతనితో పోటీపడే మరో వ్యాపారికి ఇంకో ధర వేయకూడదని అమెరికాలో 1936లోనే రాబిన్సన్–పాట్‌మన్ చట్టం వచ్చింది. అప్పటి పెద్ద కిరాణా గొలుసు దుకాణాలను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టమది. 1980ల తర్వాత అక్కడి ప్రభుత్వాలు దానిని దాదాపు అటక ఎక్కించాయి. మీ తండ్రిగారు రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి చూసిన తేడాను సూటిగా తాకేది అలాంటి చట్టమే. మన దగ్గర చిన్న వ్యాపారిని కాపాడటానికి దానికి సమానమైన ప్రత్యేక చట్టం లేదు. 2012లో మల్టీబ్రాండ్ రిటైల్‌లోకి, అంటే అన్ని కంపెనీల సరుకులూ అమ్మే దుకాణాల్లోకి, 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలు, చిన్న పరిశ్రమల నుంచి 30 శాతం కొనుగోలు, రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి వంటి షరతులు పెట్టారు. అవన్నీ విదేశీ పెట్టుబడికే వర్తిస్తాయి. దేశమంతా అమెరికా గొలుసు దుకాణం వాల్‌మార్ట్ వస్తున్నదని వాదులాడుకుంటూ ఉండగా స్వదేశీ గొలుసు దుకాణాలు ఏ షరతూ లేకుండా జిల్లా కేంద్రాలకు వచ్చేశాయి.

పట్టణ ఆర్థిక వ్యవస్థ మీద ప్రభావం విషయంలో పరిశోధకులకే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో వాల్‌మార్ట్ వచ్చిన కౌంటీలో (మన జిల్లా లాంటిది) తొలి ఏడాది సుమారు వంద రిటైల్ ఉద్యోగాలు పెరిగి, తర్వాతి అయిదేళ్లలో వాటిలో సగం పోయాయని ఆర్థికవేత్త ఎమెక్ బాస్కర్ 2005లో లెక్క తేల్చారు. డేవిడ్ న్యూమార్క్, ఆయన సహ పరిశోధకులు 2008లో మరో పద్ధతిలో లెక్కించి, వాల్‌మార్ట్‌లో ఒక్కరికి పని దొరికితే బయట 1.4 మందికి పోతుందని రాశారు. మన దేశంలో 2008లోనే ఇక్రియర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం, పెద్ద దుకాణాల పోటీ వల్ల మూతపడే చిన్న దుకాణాలు ఏడాదికి 1.7 శాతమేననీ, తొలి సంవత్సరంలో అమ్మకం మీద పడిన దెబ్బ క్రమంగా తగ్గుతుందనీ చెప్పింది. ఈ లెక్కల్లో నాకు కనిపించే లోపం ఒకటుంది. మన కిరాణంలో పనిచేసేది ఇంటివారే. గిరాకి సగమైనా ఉద్యోగం పోయినట్టు ఎక్కడా నమోదు కాదు, షట్టరు దించరు కాబట్టి మూతపడినట్టూ నమోదు కాదు. తండ్రి, తల్లి, కొడుకు ముగ్గురూ అంతే సేపు కూర్చుని సగం సంపాదిస్తారు. వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడితే ఊరంతటికీ తెలిసింది. ఈ తరుగుదల మాత్రం ఎవరి గల్లా పెట్టెలో వారికే తెలుస్తుంది.

లాభం ఎక్కడ ఖర్చవుతుందన్నది కూడా ఆలోచించాలి. మీ దుకాణంలో మిగిలిన డబ్బు ఇక్కడి చిట్టీల్లో, ఇక్కడి స్కూలు ఫీజుల్లో, ఇక్కడి మేస్త్రీ కూలిలో తిరుగుతుంది. పెద్ద దుకాణం ఇక్కడ వదిలేది ప్రధానంగా జీతాలు, పన్నులు, కరెంటు బిల్లు. 

హన్మకొండ గల్లా

పాత ఏజెన్సీ అన్నా, మీరు చెప్పినట్టే పుస్తకాలు తీసి చూశాము. రెండేళ్ల కిందట నెలాఖరుకు రావలసిన ఉద్దెర, ఆ నెల అమ్మకంలో అయిదో వంతు కూడా లేదు. ఇప్పుడు మూడో వంతు దాటింది. చిత్రమేమిటంటే ఉద్దెర మొత్తం పెద్దగా పెరగలేదు, పేర్లూ దాదాపు పాతవే. ఆటో నడిపేవారు, మేస్త్రీలు, నాలుగు ఇళ్లలో పని చేసుకునేవారు. నగదు ఇచ్చేవారు వెళ్లిపోవడంతో ఆ మూడో వంతే మిగిలి కనిపిస్తున్నది. ఏజెన్సీకి పదిహేను రోజులకు కట్టవలసిన డబ్బును మునుపు ఆ నగదుతో కట్టేవాళ్లం. ఇప్పుడు నాన్న చిట్టీ పాడి కడుతున్నారన్న సంగతి నాకు నిన్ననే తెలిసింది. క్వార్టర్స్ అమ్మగారు చెప్పిన మాట కటువుగా ఉన్నా కొట్టిపారేయలేను. ధర అడిగితే నాన్నకు కూడా కోపం వస్తుంది.

ఖని కిరాణం, గోదావరిఖని

నాది కూడా ఇదే వ్యాపారం. సింగరేణి జీతాల మీద బతికే ఊరు మాది, సూపర్‌బజార్లతో పోటీ మాకు కొత్త కాదు. పెద్ద డిస్కౌంట్ దుకాణం వచ్చినప్పుడు మా వీధిలో ఇద్దరు ర్యాకులు పెట్టి మార్టులుగా మార్చారు, ఇద్దరూ నిలబడలేదు. కారణం సులువు. ర్యాకుల మీద పెట్టేవి షాంపూలు, బిస్కెట్లు, డిటర్జెంట్లు. మీరు ధరలో ఓడిపోయేది సరిగ్గా వాటిలోనే. అర నిండుగా కనిపించాలంటే ఒక్కో రకం మీద పన్నెండు ప్యాకెట్లు పేర్చాలి. డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది, తారీఖు దాటిన సరుకు పక్కకు తీయాలి. ఏసీ లేకపోతే మార్ట్ కాదంటారు, ఏసీ పెడితే కరెంటు బిల్లు చూసి నిద్ర పట్టదు.

వంద రూపాయల సరుకు మీద పది రూపాయలు మిగులుతాయనుకోండి. ఆ వంద నెలకొకసారి తిరిగి చేతికి వస్తే ఏడాదికి నూట ఇరవై. ఉద్దెర వల్ల రెండు నెలలకొకసారి తిరిగితే అరవై. చిట్టీ పాట నష్టం అందులోంచే పోవాలి. మీ దుకాణం ఆగిపోయింది ఇక్కడ. ఇప్పుడు మడిగె తీసుకుంటే, తిరగని డబ్బుకు ఇంకొంత తిరగని డబ్బును జోడించినట్టు అవుతుంది.

నేను చేసినది చెబుతాను, మీకు ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోండి. పెద్ద ప్యాకెట్లు పెట్టడం దాదాపు మానేశాను. అడిగినవారికి తెప్పించి ఇస్తాను. ఆ డబ్బుతో లూజు సరుకు నాణ్యత పెంచాను. పప్పులు, పసుపు, పట్టించిన కారం, చింతపండు, బెల్లం. మంచి చింతపండు కోసం కారులో వచ్చేవారు కూడా ఉన్నారు. మేడారం జాతర ముందు బంగారానికి, అదే బెల్లానికి, బతుకమ్మ ముందు పూజా సామానుకు జనం మన దగ్గరికే వస్తారు. ఆ రెండు సీజన్లకు డబ్బు చేతిలో ఉండేలా ముందే చూసుకుంటాను. ధరలన్నీ పలక మీద రాసి బయట పెట్టాను. మొదట సిగ్గనిపించింది గానీ గొడవలు తగ్గాయి. ఉద్దెరకు ఇంటికొక హద్దు పెట్టి, పాతది సగం కట్టాకే కొత్తది రాస్తున్నాను. కొందరు కోపంతో వెళ్లిపోయారు. వారిలో సగం మంది తిరిగి వచ్చారు, ఎందుకంటే పెద్ద దుకాణం ఎవరికీ ఉద్దెర రాయదు.

పాత ఏజెన్సీ, వరంగల్

ఖని అన్న చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. మీరు జీఎస్టీలో కాంపోజిషన్ పథకంలో ఉంటే ఏడాదికి కోటిన్నర టర్నోవర్ వరకు ఒక శాతం కట్టి ఊరుకోవచ్చు. రెండు మడిగెలతో ఆ హద్దు దాటితే మామూలు పద్ధతిలోకి మారాలి, ప్రతి సరుకుకూ పన్ను బిల్లు వేయాలి, అకౌంటెంట్‌ను పెట్టుకోవాలి. నాన్నగారి లెక్కలో ఆ ఖర్చు ఉన్నదో లేదో అడగండి. మడిగె యజమానికి వెంటనే కాదనకుండా, ఈ దసరా సీజన్ అయ్యేదాకా ఆగమని చెప్పి చూడండి. ఆలోగా చిట్టీ బాకీ తీరితే అప్పుడు గోడ సంగతి మాట్లాడుకోవచ్చు.

హన్మకొండ గల్లా

కాంపోజిషన్‌లోనే ఉన్నాము, ఆ ఖర్చు నాన్న లెక్కలో లేదు. యజమాని దసరా వరకు ఆగనన్నారు. మొబైల్ దుకాణం వారు అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారట. వారికే ఇవ్వమని నాన్న చెప్పేశారు. రాత్రి నుంచి ఉద్దెర పుస్తకంలో ఇంటింటికీ హద్దు రాస్తున్నారు, ఏ ఇంటికి ఎంత అన్న దాని మీద మా అమ్మకూ ఆయనకూ వాదన నడుస్తున్నది.